అతుకులమ్మ

ఎక్కడో చీలిక ఉంది. ఉందని కంప్యూటర్ చెబుతోందే గాని ఎక్కడుందో చెప్పి చావడం లేదు. ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, తెర మీదున్న తొడ ఎముకను మౌస్‌తో మెల్లగా తిప్పింది. పైన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ, ఆ కింద పొడుగాటి ఎముక. బూడిద రంగులో ఉంది. ఎవరిదో తెలియదు. ఏదో ఆసుపత్రిలో ఎవరినో పొరలు పొరలుగా ఫొటోలు తీసి, ఆ పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన బొమ్మ అది. అలా పేర్చిన బొమ్మలు ఎప్పుడూ శుభ్రంగా రావు. ఒళ్లంతా గంట్లు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పలకలు, వెంట్రుక దూరని సందులు. పనికిరాని బొడిపెల్ని చెరిపి, విడిపోయిన అంచుల్ని కుట్టి, నీళ్లు పోస్తే చుక్క కారని కుండలా చేస్తే తప్ప దాన్ని ముక్కలు కొయ్యడానికి వీల్లేదు.

ముక్కలు కొయ్యడమే ఆవిడ ఉద్యోగం. ఒక వస్తువు మీద బరువు పడితే అది ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో మొత్తాన్ని ఒక్కసారిగా చూసి కంప్యూటర్ చెప్పలేదు. దాన్ని వేల చిన్న ముక్కలుగా విడగొట్టి ఇస్తే ఒక్కో ముక్క లెక్కా వేసి, ఆఖరున అన్నీ కలిపి చెబుతుంది. ఆ ముక్కల అల్లికనే మెష్ అంటారు. ముక్కలు వంకరగా ఉంటే జవాబూ వంకరగానే వస్తుంది. లెక్క వేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ లెక్కల రంగు బొమ్మలు చూపించి మాట్లాడేవాళ్లు ఇంకా వేరే ఉన్నారు. అతికేదీ, కోసేదీ ఆవిడ. అందుకే ఆఫీసులో ఎదురుగా ‘అక్కా’ అనీ, వెనక ‘అతుకులమ్మ’ అనీ అంటారు. ఆ సంగతి ఒకసారి ప్రింటర్ దగ్గర ఆవిడ చెవిన పడింది. పెద్దగా బాధపడలేదు. ఇంట్లో పిలిచే పిలుపు కంటే అదే నయం అనుకుంది.

ఇంట్లో ఆవిడ ‘పెద్దది’. పెద్దదీ, నీళ్లు. పెద్దదీ, ఆ కిటికీ వెయ్యి. తనకొక పేరు పెట్టిన సంగతి తల్లికి గుర్తుందా అని ఆవిడకి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. తమ్ముడు ‘చిన్నోడు’. ఆ మాట అనేటప్పుడు మాత్రం తల్లి గొంతులో ఎక్కడి నుంచో తడి చేరేది. జుట్టు పల్చబడి, పొట్ట పెరిగి, సొంతంగా టైల్స్ షాపు పెట్టుకున్న మనిషి కూడా తల్లికి ఇంకా చిన్నోడే.

తండ్రి పోయేనాటికి ఆవిడ డ్రాయింగ్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. పరీక్షలు రాసిన చేత్తోనే వెళ్లి ఒక బాయిలర్ల కంపెనీలో డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడింది. బోర్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. గీతలు పోయి అన్నివైపులా తిప్పి చూడగల సాలిడ్ మోడళ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ నేర్చుకుంటూ, ఒక్కో కంపెనీ మారుతూ వచ్చింది. మధ్యలో ఒక సంబంధం కూడా వచ్చింది. బాయిలర్ల కంపెనీలోనే వెల్డింగులు తనిఖీ చేసే మనిషి. మాట తక్కువ. నవ్వితే ముందు పన్ను ఒకటి వంకరగా కనబడేది. ఆవిడకి నచ్చాడు. “చిన్నోడి చదువు కానీ, తర్వాత చూద్దాం” అంది తల్లి. చదువయ్యాక “వాడు ఒక దారిన పడనీ” అంది. వాడు దారిన పడి, పెళ్లి చేసుకుని, వంతెన అవతల ఇల్లు కట్టుకునేసరికి ఆ వంకర పన్ను మనిషికి ఇద్దరు పిల్లలు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. అనాల్సిన వయసంతా పనిలోనే గడిచిపోయింది. ఇప్పుడు మణికట్టుకి పట్టీ, ఏసీ గాలి పడని కాళ్లకి మేజోళ్లు, కుర్చీలో మడిచి వేసుకున్న తువ్వాలు. గోడవైపు మూల సీటు. అందరి కంటే ముందు వచ్చి, అందరి కంటే తక్కువ మాట్లాడి వెళ్తుంది.

ఎముక మరోసారి తిరిగింది. మెడ వెనక, నీడలో ఉన్నచోట, చిన్న ఎర్ర గీత తళుక్కుమంది. అదీ దొంగ. రెండు పలకల అంచులు కలిసినట్టే కనబడుతూ కలవలేదు. ఆవిడ ఆ రెంటినీ చెరిపేసి కొత్త పలక ఒకటి అల్లి, చుట్టూ కుట్టింది. ఎర్ర గీత పోయింది.

తర్వాత చెయ్యాల్సింది ఆ మెడను కొయ్యడం. కృత్రిమ కీలు తయారుచేసే కంపెనీ ఒకటి తన కొత్త కీలు ఎముకలో ఎలా నిలబడుతుందో చూడమంది. కీలుకి పొడుగాటి లోహపు కాడ ఉంటుంది. అసలు ఎముక తలను మెడ దాకా కోసేసి, ఆ కాడను లోపలికి దింపుతారు. ఆవిడ మెడకి అడ్డంగా ఏటవాలుగా ఒక తలం గీసి, ఎముకను రెండు చేసి, పై ముక్కను ఎంచుకుని డిలీట్ నొక్కింది. గుండ్రటి తల మాయమైంది.

సరిగ్గా అక్కడే విరిగింది తల్లికి.

పడింది కూడా చిన్నోడి వల్లే. ఒక మధ్యాహ్నం తలుపు గంట మోగింది. ఆ వేళప్పుడు వచ్చేది కొడుకే అని ఎందుకు తోచిందో గాని, చేతికర్ర కూడా మరిచిపోయి పరుగులాంటి నడకతో వెళ్లింది. గుమ్మం దగ్గరి కాళ్లపట్టా మడతపడి తూలిపోయింది. తలుపవతల ఉన్నవాడు ఎదురింటికి పార్సిల్ తెచ్చిన మనిషి. కింద పడి కూడా “చిన్నోడు కాదా?” అని అడిగిందట అతన్ని. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురు ముందు పెట్టి, ఎముక మెడ దగ్గర పెన్ను ఆనించాడు. “ఇదిగో, ఇక్కడ. కీలు మార్చాలి గాని గుండె తట్టుకోదు. ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి.” ఆవిడ ఆ నల్లటి గీతను చాలాసేపు చూసింది. “మీరేం చేస్తుంటారమ్మా?” అన్నాడు డాక్టరు ఏదో ఒకటి అనాలన్నట్టు. “కంప్యూటర్ పనండీ” అంది.

అప్పటి నుంచీ తల్లి మంచానికే అంటుకుపోయింది. పగటిపూట చూసుకోవడానికి ఒక ఆయా. మిగతా వేళలన్నీ ఆవిడవే.

ఈ పొద్దున పక్కగుడ్డలు మారుస్తూ తల్లిని ఒక పక్కకి ఒరిగించింది. తల్లి మూలిగింది. మూలుగు ఆగాక తిట్టింది.

“నీవి మనిషి చేతుల్లా లేవే. చిన్నోడైతే ఎంత మెత్తగా పట్టుకుంటాడు!”

చిన్నోడు ఎన్నడూ పట్టుకోలేదు. వచ్చినప్పుడు ముళ్ల మీద కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుని, ఫోన్ చూసుకుని, “జాగ్రత్తమ్మా” అని లేచిపోతాడు. ఆవిడ ఆ మాటేమీ అనకుండా తల్లి వీపు తుడుస్తోంది.

“వాడు ఇవాళొస్తాడా?”

“తెలీదు.”

“నీకెలా తెలుస్తుందిలే. నీకూ పిల్లలుంటే తెలిసేది, కన్నకడుపు ఎలా కొట్టుకుంటుందో.”

తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఎన్నేళ్ల నుంచో పళ్ల వెనక బిగబట్టుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

“రాడు. ఇవాళ రాడు, రేపూ రాడు. నువ్వు పోయాక వస్తాడు, నలుగురిలో ఏడవడానికి.”

తల్లి మొహం గోడవైపు తిప్పుకుంది. గోడవైపు తిప్పుకున్నా ఆవిడకి ఆ చెంప కనబడుతూనే ఉంది. ముడతల్లో పడి నీరు కిందికి జారకుండా అక్కడే నిలిచిపోయింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ఆయా అంతా విన్నట్టుంది, తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ గుడ్డలు నానబెట్టి, టీ కూడా తాగకుండా బస్సెక్కింది.

లోహపు కాడను ఇటుకల్లాంటి ముక్కలుగా కోసింది. ఎముకను ముక్కోణపు ముక్కలతో నింపింది. కాడ ఆనే చోట చిన్నవి, మోకాలి వైపు పోయేకొద్దీ పెద్దవి. ముక్కల నాణ్యత చూపించే రంగులు తెర నిండా పరుచుకున్నాయి. ఆకుపచ్చలో అక్కడక్కడా పసుపు. మామూలుగా ఆ రంగులు చూస్తే ఆవిడకి కాస్త స్థిమితంగా ఉంటుంది. ఇవాళ ఆకుపచ్చ మధ్యలో కూడా ఆ చెంపే కనబడుతోంది.

భోజనాల వేళ డబ్బా మూత తియ్యలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. తల్లి పడ్డ కొత్తల్లో అడిగి అడిగి విసిగిపోయాక, ఇంక వాడిని బతిమాలనని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకున్న మనిషే ఇప్పుడు గోడకి ఆనుకుని నిలబడి ఫోన్ చెవికి అదుముకుంది.

“చెప్పక్కా. షాపులో ఉన్నా, బేరం నడుస్తోంది.”

“ఇవాళ ఒక్కసారి ఇంటికి రారా.”

“ఆదివారం వస్తానన్నా కదా.”

“ఎన్ని ఆదివారాలు పోయాయిరా అలాగే!”

“అదిగో, మళ్లీ మొదలెట్టావ్. నా బాధలు నాకుంటాయక్కా. నీకేం, ఒక్కదానివి.”

కిందా మీదా ఎవరూ లేరు. ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“తప్పే. నాదే తప్పు. అమ్మ నీ మాట తప్ప ఇంకో మాట మాట్లాడట్లేదు. పొద్దున నేను నోరు జారాను, మనసు కష్టపెట్టాను. నువ్వొచ్చి ఒక పావుగంట పక్కన కూర్చో, చాలు. నీ కాళ్లు పట్టుకుంటానురా.”

అవతల కాసేపు టైల్స్ ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినబడింది.

“అంత మాటెందుకక్కా... సరే, చూస్తా. సాయంత్రం లోపు వస్తాలే.”

సీటు దగ్గరికొచ్చి ఫైలు మూసి లెక్కలాయనకి పంపించింది. లెక్కలాయన అంటే ఆవిడ మెష్ తీసుకుని బరువులు వేసి లెక్క నడిపే ఇంజనీరు, పక్క వరుసలో కూర్చుంటాడు. ఎంత కోపం వచ్చినా దాన్ని పరాచికం చేసి గాని బయటపెట్టడు. కాసేపటికి అక్కడి నుంచే కేకేశాడు.

“అక్కా, ఒకసారి రా. మన పేషెంటు నడవడం లేదు, ఎగురుతున్నాడు.”

వెళ్లి చూసింది. తెర మీద ఎముక ఉన్నచోటే ఉంది. లోహపు కాడ మాత్రం అందులోంచి ఊడిపడి ఎక్కడో తెర చివరికి, చుక్కంతై పోయింది. ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. కాడ బయటి గోడా, ఎముక లోపలి గోడా ఆనుకునే చోట రెండింటి ముక్కల కొసల్నీ ఒకటిగా కలపాలి. కలపలేదు. చూడటానికి అతుక్కున్నట్టే ఉన్నాయి, లోపల దేనికది విడిగా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు. ఆవిడ చెవులు వేడెక్కాయి.

“అతుకు మరిచిపోయావక్కా, నువ్వు!” అన్నాడు నవ్వుతూ. ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు. “ఏం, ఇంట్లో అమ్మకి బాగా లేదా?”

ఆవిడ జవాబు చెప్పేలోపు చేతిలో ఫోన్ మోగింది. ఆయా.

“అమ్మా, తమ్ముడుగారు వచ్చారు. పెద్దమ్మగారు నవ్వుతున్నారమ్మా! వినండి, వినండి.”

ఫోన్ అటు పట్టినట్టుంది. దూరం నుంచి తల్లి గొంతు. సన్నగా, ఊపిరి అందక మధ్యలో తెగిపోతూ, అయినా అది నవ్వే. ఆ మంచం మీద నుంచి ఆ చప్పుడు ఆవిడెప్పుడూ వినలేదు. ముందు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత, ఒక్క ఊపిరి తేడాలో, ఫోన్‌ని చెవికి కాస్త దూరం జరిపింది.

“మీరు కూడా తొందరగా వస్తే బావుంటుందమ్మా,” అంది ఆయా మళ్లీ ఫోన్‌లోకి వచ్చి. “అదోలా ఉన్నారు. పాలు కూడా వద్దన్నారు.”

“వస్తాను.”

లెక్కలాయన అంతా విన్నాడు. “వెళ్లక్కా. ఇది రేపు పొద్దున చూద్దాం. కీలు కంపెనీవాళ్లకి నేను ఏదో ఒకటి చెప్తాలే.”

వెళ్లొచ్చు. బ్యాగు కుర్చీకే వేలాడుతోంది. ఆ వేళకి బస్సులూ ఖాళీగా ఉంటాయి. ఆవిడ బ్యాగు వైపు చూసింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏం కనబడుతుందో కూడా తెలుసు. మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్న తమ్ముడు, వాడి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని వెలిగిపోతున్న తల్లి. తనను చూసి కళ్లతోనే ‘చూశావా, రాడన్నావే’ అంటుంది.

“వద్దులే,” అంది. “నా తప్పు, నేనే సరిచేసి వెళ్తా.”

సీటుకొచ్చి ఫోన్‌ని చప్పుడు లేకుండా చేసి, తెర పక్కన బోర్లా పెట్టింది. కాడ చుట్టూ ఉన్న కొసల్ని వరుసగా ఎంచి కలుపుకుంటూ వచ్చింది. ఒకే ఆదేశంతో అన్నీ కలిపెయ్యచ్చు. ఆవిడ అలా చెయ్యలేదు. వరుస వరుసగా, తిప్పి చూసుకుంటూ, నెమ్మదిగా కలిపింది. రెండు మూడుచోట్ల ముక్కలు నలిగాయి. వాటిని చెరిపి మళ్లీ అల్లింది. తొందరేమీ లేనట్టు చేసింది. నిజం చెప్పాలంటే వాడు వెళ్లిపోయేదాకా పొద్దుపుచ్చుతోంది. ఒకసారి ఫోన్ బల్ల మీద వణికింది. తిప్పి చూస్తే తమ్ముడు. ‘వెళ్తున్నా, నువ్వింకా రాలేదేంటి’ అని చెప్పడానికే అయ్యుంటుందనుకుంది. మళ్లీ బోర్లా పెట్టింది. అది ఇంకోసారి వణికింది. తర్వాత ఊరుకుంది.

పంపించి లేచేసరికి కిటికీ బయట ఎండ పలచబడింది. బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. వీధి మొదట్లో దిగి, మందుల షాపులో తల్లికి నొప్పి మాత్రలు కొనుక్కుని మెట్లెక్కింది. తమ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. అందులో తమ్ముడి బూట్లు ఇంకా ఉన్నాయి. వాడు ఇంతసేపు ఉండటమేమిటి అనుకుంటూనే, ఎందుకుంటాడో అర్థమైపోయింది. మాత్రల పొట్లాం చేతిలో నలిగిపోయింది.

తమ్ముడు మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఆవిడను చూడగానే గొంతు పెరిగింది.

“నా చేతిలోనే పోయిందక్కా! మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నా. ఎన్నిసార్లు చేశానక్కా నీకు!”

ఎదురింటావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “కొడుకు కోసమే ప్రాణం బిగబట్టుకుని ఉంది తల్లి. కళ్లారా చూసుకుంది, వెళ్లిపోయింది. అంతకంటే ఏం కావాలి? ఎలా తెలిసి వచ్చావయ్యా సరిగ్గా ఇవాళే?”

“ఏమోనండి,” అన్నాడు తమ్ముడు. “మధ్యాహ్నం ఎందుకో మనసు లాగింది. షాపు వదిలేసి వచ్చేశా.”

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. వాడు అబద్ధమాడుతున్నట్టు లేడు. అప్పటికే వాడికి అదే నిజమైపోయింది. ఆవిడ మంచం దగ్గరికెళ్లి దుప్పటి కొసన నిలబడింది. విరిగిన కాలు రెండోదాని కంటే పొట్టిగా, పాదం బయటికి ఒరిగిపోయి ఉంటుంది. ఇప్పుడూ అలాగే ఉంది. ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిన్నగా తిప్పింది. తల్లి మూలగలేదు. చేతులు తియ్యగానే పాదం మళ్లీ పక్కకి ఒరిగింది.

ఆయా వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ అక్కడికి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో అడిగింది.

“నన్నేమైనా అడిగిందా?”

ఆయా తడబడింది. “అడిగారమ్మా. ‘పెద్దది ఇంకా రాలేదా’ అన్నారు.”

“ఇంకా?”

“అంతేనమ్మా.”

“చెప్పు, పర్లేదు.”

ఆయా నేల చూపులు చూసింది. “‘వస్తే చిన్నోడికి టీ పెట్టమను’ అన్నారు. నేను పెడతానన్నా వద్దన్నారు. వాడికి పెద్దది పెడితేనే నచ్చుతుందన్నారు. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదమ్మా.”

ఆవిడ కుళాయి కట్టేసింది. పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఎందుకు పెడుతోందో తనకే తెలియలేదు. కప్పు తీసుకెళ్లి తమ్ముడి పక్కన నేల మీద ఉంచింది. వాడు మొహం తుడుచుకుని, అలవాటుగా అందుకుని తాగాడు.

తాగాక కాస్త తేరుకున్నాడు. లేచి ఫోన్లు చేశాడు. భార్యకి చెప్పాడు, షాపు మూయించాడు, వ్యాన్ మాట్లాడాడు. అన్నీ అయ్యాక ఆవిడ దగ్గరికొచ్చాడు.

“అమ్మని మా ఇంటికి తీసుకెళ్దామక్కా. ఇక్కడ నలుగురు నిలబడే చోటు కూడా లేదు. అక్కడైతే కింద హాలు పెద్దది.”

పడ్డ కొత్తల్లో కొన్నాళ్లు ఉంచుకోమని అడిగితే ఆ ఇంట్లో మంచం పట్టదన్నవాడు వీడే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పొద్దున అన్న మాట ఒకటి చాలు.

“సరే,” అంది.

చీకటి పడకముందే వ్యాన్ వచ్చింది. నలుగురు మగవాళ్లు స్ట్రెచర్‌ను మెట్ల మలుపుల్లో నిలువుగా వంచుతూ దింపారు. తమ్ముడు తల వైపు పట్టుకున్నాడు. “జాగ్రత్త, మెత్తగా, మెత్తగా” అని వాళ్లని హెచ్చరిస్తూనే ఉన్నాడు. ముందు సీట్లో డ్రైవరు పక్కన వాడు ఎక్కాడు. వెనక ఎదురింటావిడా, ఇంకో ఇద్దరూ ఎక్కారు.

“నువ్వు ఆటోలో వచ్చెయ్యక్కా, తాళం వేసుకుని,” అన్నాడు కిటికీలోంచి.

ఆయా తన సంచి తీసుకుని, ఆవిడ చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. ఆవిడ మెట్లెక్కి లోపలికొచ్చింది. ఫోన్‌లో లెక్కలాయన దగ్గర నుంచి రెండు ముక్కల సందేశం వచ్చి ఉంది. కాడ నిలబడింది, లెక్క నడుస్తోంది. ఆవిడ చదివి ఫోన్ జేబులో పెట్టుకుంది. తాళం చెవి కోసం తల్లి గదిలోకి వెళ్లింది. పక్కగుడ్డలన్నీ తీసుకెళ్లిపోయారు. తల్లికి పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపు స్విచ్‌ను మాత్రం ఎవరూ ఆపలేదు. మంచం కింద పంపు సన్నగా గురగురలాడుతోంది. పైన ఒక వరుస గొట్టాలు మెల్లగా ఉబ్బుతుంటే రెండో వరుస కిందికి దిగుతోంది, ఎవరి వీపో నొప్పెట్టకుండా చూసుకుంటున్నట్టు.